సెల్ఫ్ తిరుగుతోంది, బండి స్టార్ట్ కావట్లేదు: ఒక లారీ, ఒక పొగ, 130 ఏళ్ల చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ ఒక సౌండ్‌తో మొదలుపెడదాం. గిర్ర్... గిర్ర్... గిర్ర్... లారీలో కీ తిప్పితే సెల్ఫ్ మోటర్ ఇంజిన్‌ని తిప్పే సౌండ్ అది. దాని వెంటనే రావాల్సిన "డగడగ" మాత్రం రావట్లేదు. సెల్ఫ్ తిరుగుతోంది, బండి స్టార్ట్ కావట్లేదు. ఎందుకు?

మాది తుమ్మలపల్లె. కడప జిల్లా, వేముల మండలం. ఊరి పేరు చెప్పగానే అందరూ యురేనియం గని అంటారు. 2007లో శంకుస్థాపన జరిగింది దానికి. కానీ అంతకు ముందు నుంచే మా పక్క రోడ్ల మీద లారీలు తిరుగుతూనే ఉన్నాయి. పులివెందుల పక్క నుంచి చీనీకాయలు, అరటి గెలలు. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు. మంగంపేట నుంచి ముగ్గురాయి. బేతంచర్ల నుంచి నాపరాళ్లు. వాన లేని సీమలో చాలా ఇళ్లకి అన్నం పెట్టింది లారీనే.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక రాత్రి ఊరి బయట చీనీ లోడు లారీ ఆగిపోయింది. పాత బండి. డ్రైవర్ టీకి ఆగి, తిరిగొచ్చి కీ తిప్పితే అంతే, గిర్ర్ గిర్ర్. మా చిన్నాయన మెకానిక్. ఆయన్ని లేపుకొచ్చారు, టార్చ్ పట్టుకోవడానికి నేను వెంట పోయినా. ఆయన స్పానర్ల సంచి కింద పెట్టాడు, తెరవలేదు. నేరుగా నన్ను సైలెన్సర్ దగ్గరికి పంపించి డ్రైవర్‌ని సెల్ఫ్ కొట్టమన్నాడు. "పొగ వచ్చాందా బ్బీ?" అని అడిగాడు. "లేదు చిన్నాయనా" అన్నా. "అట్లయితే డీజిల్ లోపలికి పోలేదు" అన్నాడు.

బానెట్ కూడా ఎత్తకుండా సగం జబ్బు చెప్పేశాడు! ఎట్లా? దానికి సమాధానం కావాలంటే మనం జర్మనీ పోవాలి.

రుడాల్ఫ్ డీజిల్ అనే ఇంజనీర్ 1893లో ఒక పేటెంట్ తీసుకున్నాడు. 1897లో ఆగ్స్‌బర్గ్ ఊరి ఫ్యాక్టరీలో ఆ ఇంజిన్ సక్సెస్‌ఫుల్‌గా తిరిగింది. ఐడియా సింపుల్. సైకిల్ పంపు కొడితే దాని కింద భాగం వేడెక్కుతుంది కదా? గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజిన్‌లో గాలిని పదహారు, పద్దెనిమిది రెట్లు చిన్న జాగాలోకి నొక్కుతారు. గాలి వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అందులోకి డీజిల్ చిమ్మితే దానంతట అదే అంటుకుంటుంది. స్పార్క్ ప్లగ్ అనేదే లేదు.

సో, డీజిల్ ఇంజిన్ స్టార్ట్ కావాలంటే మూడే మూడు కావాలి. ఒకటి, గాలి బాగా నొక్కుకుని వేడెక్కాలి. రెండు, డీజిల్ లోపల పడాలి. మూడు, కరెక్ట్ టైమ్‌కి పడాలి. సెల్ఫ్ తిరిగినంత మాత్రాన ఈ మూడూ ఉన్నట్టు కాదు. బ్యాటరీలో ఎంతో కొంత కరెంటు ఉంది, సెల్ఫ్ మోటర్ పని చేస్తోంది, ఇంజిన్ బిగుసుకుపోలేదు, అంతే.

ఇప్పుడు పొగ సంగతి చూడండి. సెల్ఫ్ కొట్టినప్పుడు సైలెన్సర్ నుంచి తెల్ల పొగ వస్తే డీజిల్ లోపల పడుతోంది, కానీ మండట్లేదు. అంటే వేడి చాలట్లేదు: సెల్ఫ్ నిదానంగా తిరుగుతోందేమో, రింగులు అరిగి కంప్రెషన్ పోయిందేమో, టైమింగ్ తప్పిందేమో. అసలు పొగే రాకపోతే డీజిల్ పడట్లేదు. చిన్నాయన ఒక్క ప్రశ్నతో సగం కారణాల్ని పక్కన పెట్టేశాడు. మనం సాఫ్ట్‌వేర్‌లో బగ్ వెతికేటప్పుడు చేసేది ఇదే కదా, సగం కోడ్ పక్కన పెట్టి మిగతా సగం చూస్తాం.

మళ్ళీ చరిత్రలోకి వద్దాం. డీజిల్ కట్టిన ఇంజిన్‌లో ఇంధనాన్ని లోపలికి ఊదడానికి ఇంకో పెద్ద ఎయిర్ కంప్రెసర్ కావాల్సి వచ్చేది. ఆ బరువుతో ఫ్యాక్టరీలో, ఓడలో పెట్టుకోవచ్చు, లారీలో కుదరదు. 1913లో ఇంగ్లండ్ పోతూ ఓడ మీద నుంచి ఆయన మాయమయ్యాడు, తర్వాత సముద్రంలో శవం దొరికింది. తన ఇంజిన్ పెట్టిన లారీలు మార్కెట్లోకి రావడం ఆయన చూడనేలేదు. డీజిల్ లారీలు 1923, 1924లో జర్మనీలో వచ్చాయి. 1927లో బాష్ కంపెనీ డీజిల్ పంపుల్ని పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. చేతుల్లో మోసుకుపోయే సైజులో ఉండే ఆ పంపు ఒక్కొక్క సిలిండర్‌కీ కొలత పెట్టి డీజిల్ చిమ్ముతుంది. లారీలకి డీజిల్ అలవాటైంది దీనివల్లే.

ఇండియాకి ఎప్పుడొచ్చింది? 1951లో బెంగళూరులో మైకో కంపెనీ పెట్టారు. బాష్ టెక్నాలజీతో ఇక్కడే పంపులు, నాజిల్స్ చేశారు. పాత మెకానిక్‌లు ఇప్పటికీ "మైకో పంపు" అంటారు. 1954లో టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్, జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు మొదలుపెట్టింది. ముందు భాగాన బెంజ్ స్టార్ ఉండేది. 1969లో ఒప్పందం ముగిసింది, స్టార్ పోయి "టీ" అక్షరం వచ్చింది. 1955లో మద్రాసులో అశోక్ మోటార్స్ కాస్తా అశోక్ లేలాండ్ అయింది.

ఇక్కడ ఒక పాయింట్ గుర్తుపెట్టుకోండి. ఆ పంపు పూర్తిగా మెకానికల్. ఇంజిన్‌కే గేర్లతో కట్టేసి ఉంటుంది. బ్యాటరీ డౌన్ అయినా దిగుడులో తోసి, గేరేస్తే చాలా బండ్లు స్టార్ట్ అయ్యేవి. దాచిపెట్టింది ఏమీ లేదు. నట్టు విప్పితే డీజిల్ కనిపిస్తుంది, చెవి పెడితే నాజిల్ సౌండ్ వినిపిస్తుంది. అందుకే మా చిన్నాయన లాంటోళ్లు, పదో తరగతి దాటనోళ్లు, షెడ్డులో గురువు పక్కన నిలబడి ఈ విద్య నేర్చుకోగలిగారు. ఇంగ్లీషు మాన్యువల్ అవసరం పడలేదు.

ఆ రాత్రి ఆయన చేసింది వరసగా చెప్తా. ముందు ట్యాంకులో కర్ర ముంచి డీజిల్ ఉందా చూశాడు. తర్వాత పంపు మీది స్టాప్ లివర్ వెనక్కి వచ్చిందా చూశాడు. ఇంజిన్ ఆపే కేబుల్ ఇరుక్కుపోతే పంపు "ఆఫ్"లోనే ఉంటుంది, ఎంత సెల్ఫ్ కొట్టినా వేస్ట్. అదీ బాగుంది. అప్పుడు ఫిల్టర్ మీది బ్లీడింగ్ స్క్రూ కొంచెం వదులు చేసి, ఫీడ్ పంపు పక్కన ఉండే చేతి పంపు కొట్టాడు. డీజిల్ రాలేదు, నురగ వచ్చింది. సబ్బు నీళ్ల లాగా బుడగలు. "ఎయిర్ పట్టింది" అన్నాడు.

ఎయిర్ పడితే ఎందుకు స్టార్ట్ కాదు? డీజిల్‌ని నొక్కితే దాదాపు నొక్కుకోదు, అందుకే నాజిల్ తెరుచుకునేంత ప్రెషర్ వస్తుంది. గాలి స్ప్రింగ్ లాగా నొక్కుకుంటుంది. పంపు కొట్టిన బలమంతా ఆ బుడగలోనే పోతుంది.

మరి గాలి ఎక్కడి నుంచి వచ్చింది? కింద ఎక్కడా డీజిల్ కారలేదు కదా అని నేను అడిగినా. "కారేది కాదురా, పీల్చేది చూడు" అన్నాడు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు పైపు డీజిల్‌ని పీలుస్తుంది. అక్కడ చీలిక ఉంటే డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి పోతుంది. ఆ పైపు జాయింటులో ఒక రాగి వాషరు నలిగిపోయి ఉంది. కొత్త వాషరు వేసి, బుడగలు పోయేదాకా చేతి పంపు కొట్టి, నాజిల్ దగ్గర పైపు నట్లు కొంచెం వదులు చేసి సెల్ఫ్ కొట్టించాడు. డీజిల్ చిమ్మగానే ఒక్కొక్కటీ బిగించాడు. ముందు తెల్ల పొగ, తర్వాత డగడగ. చీనీ లోడు తెల్లారకముందే కదిలింది.

ఇప్పుడు రెండో కథ. 2021 ఎండాకాలం. వర్క్ ఫ్రమ్ హోమ్, నేను ఊర్లోనే ఉన్నా. అదే రోడ్డు, అరటి గెలల లోడు, బీఎస్ 6 లారీ. అదే గిర్ర్ గిర్ర్. చిన్నాయన వచ్చాడు. అదే ప్రశ్న, పొగ లేదు. "డీజిల్ పోలేదు" అన్నాడు. కరెక్టే! తర్వాత రెండు గంటలు ఎయిర్ కోసం వెతికాడు. బుడగ కనిపించలేదు. ఎండకి గెలలు రంగు తిరుగుతున్నాయి. ఓనర్ కమ్ డ్రైవర్ నీడలో కూర్చుని ఈఎంఐ లెక్కలు చెప్తున్నాడు. ఆఖరికి పైపు నట్టు మీద స్పానర్ పెట్టబోయాడు. అదే టైమ్‌కి స్కానర్ పట్టుకుని వచ్చిన కుర్రాడు "అన్నా, ఆ నట్టు ముట్టొద్దు!" అని అరిచాడు.

ఎందుకు అరిచాడు? మధ్యలో ఇంజిన్ మారిపోయింది. పొగలో విషం తగ్గించాలని ప్రభుత్వాలు రూల్స్ బిగించాయి. 1995లో జపాన్‌లో ఒక హైనో లారీలో, 1997లో ఇటలీలో ఒక కారులో కామన్ రైల్ పద్ధతి వచ్చింది. పంపు డీజిల్‌ని ఒక గొట్టంలో భారీ ప్రెషర్‌తో నింపి పెడుతుంది. ఏ ఇంజెక్టర్ ఎప్పుడు తెరవాలో కంప్యూటర్ చెప్తుంది. మన దేశమంతటా బీఎస్ 4 రూల్ 2017 ఏప్రిల్ 1న, బీఎస్ 6 రూల్ 2020 ఏప్రిల్ 1న వచ్చాయి. ఆ గొట్టంలో ప్రెషర్ 1600, 2000 బార్ దాకా పోతుంది. లారీ టైర్లో గాలి సుమారు 8 బార్. ఆ ప్రెషర్‌తో చిమ్మిన డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినట్టే కనిపిస్తుంది గానీ వెంటనే ఆసుపత్రికి పోకపోతే వేలు, చెయ్యి పోవచ్చు.

ఈ బండ్లలో కంప్యూటర్ ఇంజెక్టర్‌ని తెరవాలంటే కొన్ని షరతులు ఉంటాయి. మన భాషలో ఇఫ్ కండిషన్లు. ఇంజిన్ తిరుగుతోందని క్రాంక్ సెన్సర్ చెప్పాలి. రైల్లో కనీసం రెండు మూడు వందల బార్ లేవాలి. కీలోని ఇమ్మొబిలైజర్ ఓకే అనాలి. ఇందులో ఒక్కటి తప్పినా డీజిల్ ఫుల్‌గా ఉన్నా ఒక్క చుక్క లోపల పడదు. ఆ రోజు స్కానర్ చెప్పింది ఒక్కటే: క్రాంక్ సెన్సర్ సిగ్నల్ లేదు. వైరు ఇంజిన్‌కి రాసుకుని తెగింది. అతికించి టేపు చుట్టారు. రెండో సెల్ఫ్‌కి స్టార్ట్ అయింది. లోడు లేటుగా పోయింది, రేటు తెగింది.

ఇంటికి వస్తూ చిన్నాయన ఒక్క మాట అన్నాడు. "పొగ అబద్ధం చెప్పలా. దాని తర్వాత ఏమడగాలో నాకు తెలీలా." ఆయన మొదటి ప్రశ్న 1897 నాటిది, ఇప్పటికీ కరెక్టే. ఎందుకంటే ఇంజిన్‌కి కావాల్సిన మూడూ మారలేదు. మారింది రెండో ప్రశ్న, దాని జవాబు ఎవరి చేతిలో ఉందనేది. అప్పుడు జవాబు బ్లీడింగ్ స్క్రూలో ఉండేది, ఎవరైనా విప్పుకోవచ్చు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉంది, తాళం కంపెనీ దగ్గర ఉంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 2012లోనే బయటి మెకానిక్‌లకి కూడా ఆ సమాచారం ఇవ్వాలని చట్టం చేసింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ మీద కమిటీ వేసింది, అందులో వాహనాలూ ఉన్నాయి. ఇది ఢిల్లీ విషయం అనుకోకండి. మా ఊరి షెడ్డు ఉంటుందా, మూతపడుతుందా అనే విషయం.

మీ ఇంట్లో లారీ ఉంటే ఇవి గుర్తుపెట్టుకోండి. సెల్ఫ్ ఒకేసారి పది పదిహేను సెకన్ల కంటే కొట్టొద్దు, మధ్యలో ఒక నిమిషం గ్యాప్ ఇవ్వండి. ముందు పొగ చూడండి. పొగ లేకపోతే పాత బండిలో స్టాప్ లివర్, ఎయిర్ చూడండి. కొత్త బండిలో సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎమ్ ముల్లు కదులుతోందా చూడండి, చాలా బండ్లలో అది అసలు కదలకపోతే క్రాంక్ సెన్సర్ మీద అనుమానం పెట్టుకోవచ్చు. ప్రెషర్ పైపుల జోలికి మాత్రం పోవద్దు. పెట్రోల్ గుడ్డ గాలి ఫిల్టర్ దగ్గర పెట్టి స్టార్ట్ చేసే ఐడియా ఎవరిచ్చినా వద్దనండి.

చిన్నాయన ఇప్పుడు సెకండ్ హ్యాండ్ స్కానర్ ఒకటి కొన్నాడు. ఇంగ్లీషులో వచ్చే కోడ్లు నాకు వాట్సాప్‌లో ఫోటో పంపుతాడు, నేను తెలుగులో చెప్తా. కానీ స్కానర్ తగిలించే ముందు పక్కనున్న కుర్రోణ్ణి సైలెన్సర్ దగ్గరికి పంపించడం మాత్రం మానలేదు.

మీ ఊరి మెకానిక్ ఆగిపోయిన బండి దగ్గర మొదట అడిగే ప్రశ్న ఏంటి? కామెంట్లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటా.