బడిపంతులు చేతి పనిముట్లు

విశాఖపట్టణమున రేవు 1933లో తెఱవఁబడెను. ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసెను. ఉక్కు కర్మాగారమునకు 1971లో శంకుస్థాపన జరిగెను. ఈ కథలు మీరెఱిఁగినవే. అయితే బడిలో పాఠము చెప్పువాని చేతి పనిముట్టు ఎట్లు మాఱినదో మనము అంతగా చెప్పుకొనము. నేఁడు ఆ సంగతియే విన్నవించఁదలఁచితిని.

తొల్లి అయ్యవారికి ఇసుకయే పలక. పిల్లవాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించెడివారు. తాటియాకును గంటమును పోయి, నల్లబల్లయు సుద్దముక్కయు వచ్చినవి. అంతలో పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు మఱియొక త్రోవ త్రొక్కిరి. కొండలలోని సవరల భాష నేర్చి, వారి పిల్లలకు వారి మాటలలోనే వాచకములు వ్రాసి, బడులు పెట్టించిరి. ఆ సాధనమును ఎవరును వారికి ఇయ్యలేదు. కావలసినదానిని తామే చేసికొనిరి. ఈ మాట కొంచెము గుర్తుంచుకొనుఁడు. వారి వ్యావహారిక భాషావాదమునకు విశాఖ ఏ.వి.ఎన్. కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాసయ్యంగారును, పాఠశాలల తనిఖీ అధికారి యేట్సుదొరయు తోడ్పడిరి. ఈ సంగతిని నేను గ్రాంథికమున చెప్పుట విన్నచో పంతులుగారు నవ్వెడివారే!

పిదప పాఠము ఆకాశమునుండి దిగెను. 1975 ఆగష్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, అమెరికావారి ఉపగ్రహమును ఎరువు తెచ్చుకొని, మన అంతరిక్ష సంస్థవారు ఆఱు రాష్ట్రములలో సుమారు 2,400 గ్రామములకు దూరదర్శన పాఠములు పంపిరి. మన రాష్ట్రమును అందొకటి. తీఁగెవలను పది అడుగుల గొడుగువలె బిగించి ఊర నిలిపిరి. ప్రొద్దున పిల్లలకు, సాయంకాలము పెద్దలకు ప్రసారములు. విజ్ఞానశాస్త్రము బోధించు విధమును వేలకొలఁది ఉపాధ్యాయులకు ఆ తెరమీఁదనే నేర్పిరి. ఏఁడాది తిరిగినంతనే గడువు ముగిసెను. ఎరువు సొమ్ము ఎరువువారికే చేరెను. విద్యకొఱకే మనవారు చేసిన ఎడ్యుశాట్ 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోటనుండి ఎగసినది. 2010లో దాని సేవ ముగిసినది.

2017 సెప్టెంబరు 5న, గురుపూజా దినమున, ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుఁడుగారు ‘దీక్ష’ను ప్రారంభించిరి. ఇది ఇంటర్నెట్టుమీఁది పాఠముల భాండారము. పాఠ్యపుస్తకపు పుటలో చిక్కుముగ్గువంటి నలుపు తెలుపు గళ్ళ ముద్ర యుండును. దానిని ఫోనుకు చూపినచో ఆ పాఠపు బొమ్మలు, ప్రశ్నలు తెఱుచుకొనును. ఉపాధ్యాయులు కూర్చిన పాఠములును అందు చేరుచున్నవి. నాకు ఇందు మిక్కిలి నచ్చినది ఇదియే. రామమూర్తి పంతులుగారి త్రోవ ఇందు మరల కానవచ్చుచున్నది.

2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూఁతపడినవి. సప్తగిరి దూరదర్శనమున ‘విద్యామృతము’ పేర పాఠములు వచ్చినవి. కాని ఇంటికొక్కటే ఫోను. దానిని జేబులో వేసికొని తండ్రి రేవుకు కూలికి పోయినచో, రాత్రివఱకు పిల్లవానికి బడి లేదు. పాడేరు మన్యమునందు సిగ్నలుకై కొండ యెక్కవలసిన పల్లెలుండెను. అట్టిచోట ఏ భాండారము నిండియున్నను తాళము తీయువారు లేరు. 2014లో హుద్‌హుద్ తుపాను నాఁడు విశాఖ నగరమే ఇట్టి మూగతనమును చూచినది. అది కొన్నాళ్ళలో తీఱినది, మన్యమునకు అది నిత్యకృత్యము.

2022 డిసెంబరులో మన రాష్ట్రమున ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును పలకవంటి యంత్రములు, ట్యాబులు, పంచిరి. 2023లో తరగతి గోడలకు పెద్ద తెరలు వచ్చినవి. ట్యాబులలోని పాఠములు మాత్రము బైజూస్ అను సంస్థవారు కూర్చినవి. 2024 జూలైలో ఆ సంస్థమీఁద దివాలా ప్రక్రియ మొదలయ్యెను. ఉపాధ్యాయుని చేతిలో యంత్రము మిగిలినది. 1976 నాఁటివలెనే పాఠము మాత్రము పరులది.