విండోస్ చెప్పిన అబద్ధాలు

పోయినేడు మా చిన్నాన్న షాపుకి కొత్త కంప్యూటర్ కొన్నాడు. ఆయనది తెనాలిలో మందుల హోల్‌సేల్ వ్యాపారం. ముప్పై ఏళ్ల క్రితం ఎవరో కుర్రాడు డాస్‌లో, ఫాక్స్‌ప్రో మీద రాసిచ్చిన బిల్లింగ్ ప్రోగ్రామే ఇప్పటికీ దిక్కు. కొత్త మెషీన్లో దాన్ని నొక్కితే, ఇది ఈ పీసీలో నడవదని ఒక్క ముక్కలో తేల్చేసింది. "నిన్నటిదాకా బానే ఉంది కదరా, దానికేం రోగమొచ్చింది?" అని ఫోను.

దానికి ఏ రోగమూ రాలేదు. అందులో ఒక్క బైటు కూడా మారలేదు. ఇన్నాళ్లూ దాని కోసం అబద్ధాలాడిన విండోస్ ఇప్పుడు మానేసింది, అంతే.

మాటవరసకి అనడం లేదు, నిజంగా అబద్ధాలే. విండోస్ 3.1 కాలపు ప్రోగ్రాములు చాలావాటికి వెర్షన్ నంబరు సరిగ్గా చూడ్డం రాదు. చుక్కకి ముందు 3, తర్వాత 10, ఈ రెంటిలో ఏది తగ్గినా "పాత విండోస్" అని ఆగిపోయేవి. మరి 4.0 వస్తే? సున్నా పదికంటే తక్కువేగా! అందుకని 1995లో వచ్చిన విండోస్ 95, తన అసలు నంబరు 4.0 అయినా, పాత 16 బిట్ల ప్రోగ్రాములు అడిగితే "నేను 3.95" అని చెప్పేది. ఎక్స్‌పీ 5.1, విస్టా 6.0 అయినప్పుడూ ఇదే గోల. 2009లో వచ్చిన విండోస్ 7 లోపలి నంబరు 7 కాదు, 6.1. ఆ మాటకొస్తే విండోస్ 11 కూడా లోపల 10.0 అనే చెప్పుకుంటుంది.

వీటన్నిటికంటే సిమ్‌సిటీ కథ నాకిష్టం. 2004లో జాయెల్ స్పోల్‌స్కీ రాశాడు. ఆ ఆటలో ఓ బగ్గు: మెమరీని వదిలేశాక కూడా అందులోంచే చదువుతుంది. ఇల్లు ఖాళీ చేసి, మర్నాడు అదే తాళంచెవితో లోపలికెళ్లినట్టు. పాత రోజుల్లో అక్కడికి వెంటనే ఎవరూ దిగేవాళ్లు కాదు కాబట్టి గడిచిపోయింది. విండోస్ 95లో గడవలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్లు ఆటని విప్పి, బగ్గు పట్టుకుని, సిమ్‌సిటీ నడుస్తోందని తెలిస్తే మెమరీ పంచే పద్ధతినే మార్చుకునేలా విండోస్‌లో కోడు రాశారు.

మొదటిసారి ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు మండింది. తప్పు రాసింది ఒకడైతే దిద్దేది ఇంకొకడా? కానీ కొన్నవాడికి ఆ లెక్క అక్కర్లేదు. నిన్న ఆడింది, కొత్త విండోస్ ఎక్కించాక ఆడట్లేదు, కాబట్టి తప్పు విండోస్‌దే. మైక్రోసాఫ్ట్ కూడా జాలిపడి చేసిందేం కాదు లెండి, డబ్బాలు అమ్ముకోవాలి. యాపిల్ దారి వేరు. 2006లో ఇంటెల్‌కి మారినప్పుడు పాత ప్రోగ్రాముల కోసం రొజెట్టా ఇచ్చి, 2011లో తీసేసింది. 2019లో 32 బిట్లవన్నిటికీ ఒకేసారి చెల్లుచీటీ.

ఇక చిన్నాన్న సంగతి. ఇంటెల్ 386 చిప్‌లో, పాత 8086 వేషం వేసే ఏర్పాటొకటి ఉంది. 32 బిట్ల విండోస్ ఎన్‌టీ వంశమంతా డాస్ ప్రోగ్రాముల్ని దాని ఆసరాతోనే నడిపింది. 2003లో ఏఎండీ 64 బిట్ల చిప్ తెచ్చినప్పుడు, 64 బిట్ల పద్ధతిలో పనిచేసేటప్పుడు ఆ వేషం లేకుండా చేసింది. ఆ వేషం సాఫ్ట్‌వేర్‌తో కూడా కట్టించొచ్చు, కానీ 64 బిట్ల విండోస్‌లో మైక్రోసాఫ్ట్ ఆ పని పెట్టుకోలేదు. 2021లో వచ్చిన విండోస్ 11కి 32 బిట్ల రూపమే లేదు. ఆయన పాత మెషీన్లో ఉన్నది 32 బిట్ల విండోస్ 7, అందుకే అన్నాళ్లు లాగింది.

ఆ పెట్టుకోని పని డాస్‌బాక్స్ చేస్తోంది, 2002 నుంచి, పాత ఆటల పిచ్చివాళ్ల చలవ వల్ల. ఆటలకి బిల్లులు అచ్చేసే పని ఉండదు కాబట్టి అందులో ప్రింటరు ఊసే లేదు! దాని పిల్ల డాస్‌బాక్స్-ఎక్స్‌లో ఉంది. ఓ ఆదివారం కూర్చుని, బిల్లు ముందు ఫైల్లో పడి, అక్కణ్ణుంచి డాట్ మ్యాట్రిక్స్‌కి వెళ్లేలా చేశాను.

సోర్సు కోడు ఏదీ అని అడిగితే ఓ ఫ్లాపీ ఇచ్చాడు. చదవలేదు. రాసిన కుర్రాడు ఎక్కడున్నాడో ఆయనకీ తెలీదు. "మళ్లీ ఎన్నాళ్లు నడుస్తుందిరా?" అన్నాడు. ఈసారి కంప్యూటర్ కొనేముందు నాకో మాట చెప్పమన్నాను.