అమ్ముగూడ నుంచి రోమ్ దాకా: తులసీదాస్ బలరామ్

1950, 60 దశకాల భారత ఫుట్‌బాల్‌లో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, తులసీదాస్ బలరామ్‌లను ముగ్గురినీ కలిపే తలచుకునేవారు. వారిలో బలరామ్ 1936లో సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో ఓ పేద తమిళ కుటుంబంలో పుట్టాడు. ఆ ఊళ్లో, కంటోన్మెంట్ మైదానాల్లో ఆడుతూ ఆట నేర్చుకున్నాడు.

అప్పటి హైదరాబాద్ ఫుట్‌బాల్‌కు సయ్యద్ అబ్దుల్ రహీమ్ పెద్ద దిక్కు. ఆయన శిక్షణలో సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. బలరామ్ ప్రతిభను పసిగట్టిందీ ఆయనే. అమ్ముగూడ నుంచి రోజూ నగరానికి వచ్చే స్తోమత లేదని కుర్రాడు చెబితే, సైకిల్ అద్దెకు తన జేబులోంచి డబ్బులిచ్చారని చెబుతారు. రహీమ్ శిష్యులు బంతిని కాళ్ల దగ్గర అట్టిపెట్టుకునేవారు కాదు, చిన్న పాస్‌లతో చకచకా కదిలించేవారు. బలరామ్ ఆటకు పునాది అదే. ఎడమ వింగ్‌లోనైనా, లోపలి ఫార్వర్డ్‌గానైనా ఒకే తీరుగా రాణించేవాడు.

1956-57లో హైదరాబాద్ సంతోష్ ట్రోఫీ గెలిచినప్పుడు ఆ జట్టులో అతనూ ఉన్నాడు. హైదరాబాద్ రాష్ట్రం అప్పటికే ఆంధ్రప్రదేశ్‌లో కలిసిపోయినా ఫుట్‌బాల్ జట్టు మాత్రం పాత పేరుతోనే ఆడింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో యుగోస్లావియాతో జరిగిన సెమీఫైనల్ అతని తొలి అంతర్జాతీయ మ్యాచ్. అందులో భారత్ 1-4తో ఓడి, చివరికి నాలుగో స్థానంలో నిలిచింది.

1957లో అతను కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్ క్లబ్‌లో ఆడసాగాడు. ఆ రోజుల్లో హైదరాబాద్ ఆటగాడికి పేరూ డబ్బూ రావాలంటే కలకత్తా మైదానమే దారి. 1961లో కెప్టెన్‌గా క్లబ్‌కు లీగ్ టైటిల్ తెచ్చాడు, ఆ లీగ్‌లో అత్యధిక గోల్స్ కూడా అతనివే.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్‌కు దక్కిన గ్రూపు గట్టిది. ఆ పోటీల్లో తర్వాత కాంస్యం గెలిచిన హంగరీతో భారత్ 1-2తో ఓడింది, ఆ ఒక్క గోల్ బలరామ్‌దే. ఫ్రాన్స్‌తో 1-1గా ముగిసిన మ్యాచ్‌లో గోల్ బెనర్జీ చేశాడు. పెరూ చేతిలో 1-3తో ఓడినప్పుడు మళ్లీ బలరామ్ ఒక్కడే గోల్ కొట్టాడు. జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. అయినా మూడు మ్యాచ్‌లలో మూడు గోల్స్, అందులో రెండు అతనివి కావడం తక్కువ సంగతేమీ కాదు.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో రహీమ్ శిక్షణలోని భారత జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో దెబ్బతింది. తర్వాత థాయిలాండ్‌పై 4-1తో, జపాన్‌పై 2-0తో గెలిచింది. ఈ రెండింటిలోనూ బలరామ్ గోల్స్ ఉన్నాయి. ఫైనల్లో మళ్లీ కొరియాయే ఎదురైంది. భారత క్రీడాధికారి జి.డి. సోంధీ ఆతిథ్య దేశాన్ని విమర్శించారన్న కోపంతో ఉన్న లక్షమంది ప్రేక్షకులు కొరియాకే వంత పాడారు. బెనర్జీ, జర్నైల్ సింగ్ గోల్స్‌తో భారత్ 2-1తో స్వర్ణం గెలిచింది. బలరామ్‌కు అర్జున అవార్డు వచ్చింది.

మరుసటి ఏడాది అతను బి.ఎన్.ఆర్. క్లబ్‌కు మారాడు. అయితే ఊపిరితిత్తుల జబ్బు అతన్ని ఇరవై ఏడేళ్లకే ఆటకు దూరం చేసింది. గురువు రహీమ్ కూడా ఆ 1963లోనే కన్నుమూశారు. చునీకి 1983లో, బెనర్జీకి 1990లో పద్మశ్రీ లభించగా బలరామ్‌కు ఏ పద్మ పురస్కారమూ రాలేదు. అతను హుగ్లీ జిల్లా ఉత్తర్‌పారాలో స్థిరపడి, 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో మరణించాడు.