నచ్చని తఖ్రీర్‌కు మన జవాబ్ ఏమిటి?

మీలాద్ నెల దగ్గర పడితే మన ఊళ్ళల్లో మసీదు కమిటీలకు ఒక బహస్ తప్పదు. తడ అయినా, సూళ్ళూరుపేట అయినా, ఎక్కడైనా అదే మాట. జల్సాకు ఏ మౌలానాను పిలవాలి? ఒకరు పేరు చెబితే ఇంకొకరు "ఆయన మన మస్లక్ కాదు భాయ్" అంటారు. ఒక్కోసారి "ఆయన స్టేజీ ఎక్కితే చూస్తాం" అనేదాకా పోతుంది. మన అనుకునే ముఖర్రిర్ విషయంలోనే ఇంత గొడవైతే, మన దీన్ మీద మాట విసిరినవాడు స్టేజీ ఎక్కినప్పుడు ఏం చేయాలి? ఈ సవాల్ పాతదే. జవాబ్ కోసం తారీఖ్‌ను అడుగుదాం. తారీఖ్ అంటే తేదీ ఒక్కటే కాదు, చరిత్ర కూడా కదా.

ముందు హైదరాబాద్. 2007 ఆగస్టు 9. తస్లీమా నస్రీన్ బంగ్లా నవల 'శోధ్' తెలుగు అనువాదం విడుదల కోసం ప్రెస్ క్లబ్‌కు వచ్చింది. మజ్లిస్ పార్టీ ఎమ్మెల్యేలు ముగ్గురు, వాళ్ళ వెంట కార్యకర్తలు లోపలికి దూసుకొచ్చారు. పూలగుత్తులు, కుర్చీలు, చేతికి దొరికినవి విసిరారు. 'లజ్జా' రాసినందుకు, ఇస్లాం మీద ఆమె అన్న మాటలకు మన జజ్బాత్ గాయపడ్డాయి, అది నిజం. కానీ ఆ రోజు విడుదలైన కితాబ్ ఒక మియాబీబీల కథ. భార్య మీద భర్త పెట్టుకున్న షక్ గురించిన కథ. మన అభ్యంతరం ఏమిటో, ఎందుకో ఎవరి చెవికీ ఎక్కలేదు. దేశమంతా టీవీల్లో చూసింది ఒక్కటే: ఒక ఒంటరి ఔరత్ మీదికి ఎగిరిన కుర్చీలు.

ఇప్పుడు ఇంకా వెనక్కి వెళ్దాం. విలియం మ్యూర్ అనే బ్రిటిష్ అఫ్సర్ 1858 నుంచి 1861 వరకు మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం జీవితం మీద నాలుగు సంపుటాలు రాశాడు. అందులో చాలా మాటలు ముస్లింల గుండెల్లో గుచ్చుకున్నాయి. సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఏం చేశారు? 1869లో ఓడ ఎక్కి లండన్ వెళ్ళారు. అప్పులు చేసి, లైబ్రరీల్లో కూర్చుని, మ్యూర్‌కు జవాబ్ రాసి 1870లో అక్కడే ఇంగ్లీషులో అచ్చేయించారు. అదే తర్వాత ఉర్దూలో 'ఖుత్బాతె అహ్మదియా' అయింది. ఇందులో పెద్ద విషయం ఇంకొకటుంది. అప్పటికి మ్యూర్ వాయవ్య సరిహద్దు కాదు, ఇప్పటి యూపీ ప్రాంతమైన నార్త్ వెస్టర్న్ ప్రావిన్సెస్‌కు లెఫ్టినెంట్ గవర్నర్. సర్ సయ్యద్ అదే ప్రావిన్స్‌లో నౌకరీ చేసే జడ్జి. తన హాకిమ్‌కే కలంతో ఎదురు నిలిచారు. హిమ్మత్ అంటే అది.

రెండో దారి కూడా చూద్దాం. 1924లో లాహోర్‌లో 'రంగీలా రసూల్' అనే చిన్న కితాబ్ వచ్చింది. ప్రచురించిన రాజ్‌పాల్‌ను 1927లో హైకోర్టు వదిలేసింది, అప్పటి ఖానూన్‌లో ఈ నేరం లేదని. అదే ఏడాది 295ఏ సెక్షన్ పుట్టింది. ఆ బిల్లును బలపరుస్తూనే జిన్నా ఒక హెచ్చరిక చేశారు: నిజాయితీగా చరిత్ర రాసేవాళ్ళు, మతాన్ని విమర్శించేవాళ్ళు దీనికి బలి కాకూడదని. 1929లో రాజ్‌పాల్ హత్య జరిగింది. చంపిన ఇల్ముద్దీన్‌ను ఉరి తీశారు. రెండు ఇళ్ళల్లో ఏడుపు మిగిలింది. కితాబ్ పేరు మాత్రం వందేళ్ళయినా చెరగలేదు.

295ఏ మన రక్షణ కోసం వచ్చిందని చాలామంది అనుకుంటారు. 2021 జనవరి 1న ఇందోర్‌లో మునవ్వర్ ఫారూఖీ అనే కామెడీ కుర్రాడిని అరెస్టు చేసినప్పుడు పెట్టిన సెక్షన్లలో అదీ ఒకటి. సుప్రీంకోర్టు బెయిల్ ఇచ్చేసరికి నెల దాటింది. ఆ నవంబర్‌లో బెంగళూరులో అతని షో ఆగింది. పోలీసులు చెప్పిన కారణం శాంతిభద్రతలు.

మేళాల సంగతి చూడండి. 2007లో సల్మాన్ రష్దీ జైపూర్ సాహిత్య ఉత్సవానికి వచ్చి మాట్లాడి వెళ్ళాడు. పెద్ద గొడవ లేదు. 2012 జనవరిలో మళ్ళీ పిలిస్తే, రానివ్వొద్దని దేవ్‌బంద్ నుంచి మాట వచ్చింది. ఈ ఐదేళ్ళలో కితాబ్ మారలేదు. మారింది క్యాలెండర్: యూపీ ఎలక్షన్లు నెత్తి మీదున్నాయి. రష్దీ రాలేదు, చివరి రోజు వీడియోలో మాట్లాడటమూ ఆగింది. కానీ నలుగురు రచయితలు అదే మేళాలో ఆ కితాబ్‌లోని పేజీలు చదివారు. ఉత్సవం నడిచినన్ని రోజులూ వార్తల్లో ఆయన పేరే. 2022 ఆగస్టు 12న అమెరికాలో స్టేజీ మీదే ఆయనను కత్తితో పొడిచారు. ఒక కన్ను పోయింది. ఇస్లాం ఇజ్జత్ దాంతో పెరిగిందా?

సరిగ్గా ఎనిమిది రోజులకు, ఆగస్టు 20న, హైదరాబాద్ శిల్పకళా వేదికలో మునవ్వర్ షో. సెట్ తగలబెడతానని గోషామహల్ ఎమ్మెల్యే రాజా సింగ్ బెదిరించాడు. పోలీసులు ముందురోజే ఆయనను అదుపులోకి తీసుకుని, భారీ బందోబస్తు మధ్య షో జరిపించారు. మనమంతా షుక్రియా చెప్పుకున్నాం. మరి 2007లో ప్రెస్ క్లబ్‌లో తస్లీమాకు దక్కాల్సిన హక్ కూడా ఇదే కదా? గుంపు బలంతో గెలిచే ఆటలో తక్కువమంది ఉన్నవాళ్ళే ఓడిపోతారు. ఈ ముల్క్‌లో తక్కువమంది మనమే. కాబట్టి స్టేజీని హుకూమత్ కాపాడాలనే ఉసూల్ అందరికన్నా ఎక్కువ అవసరం మనకే.

అదాలత్ ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1989లో 'ఒరే ఒరు గ్రామత్తిలే' అనే తమిళ సినిమా కేసులో, అల్లర్లు జరుగుతాయన్న బెదిరింపు చూపి మాటను ఆపకూడదని సుప్రీంకోర్టు తేల్చింది. తడ దాటితే తమిళనాడే. ఆ పక్కన పెరుమాళ్ మురుగన్ నవల మీద కులసంఘాలు లేచినప్పుడు, 2016 జులై 5న మద్రాసు హైకోర్టు ఆయన పక్షాన నిలిచింది. ఆ తీర్పిచ్చిన సంజయ్ కిషన్ కౌల్ సాబే 2008లో ఢిల్లీలో ఎం.ఎఫ్. హుస్సేన్ మీద కేసులు కొట్టేశారు. హుస్సేన్‌కు, మురుగన్‌కు ఇన్సాఫ్ చేసింది ఒకే కొలబద్ద.

"అయితే హరిద్వార్‌లో మాట్లాడినట్టు మాట్లాడనివ్వాలా?" అని అడుగుతారు. లేదు. 2021 డిసెంబర్‌లో అక్కడి ధర్మ సంసద్‌లో మనపై హత్యాకాండకు పిలుపునిచ్చారు. చంపమని రెచ్చగొట్టడం గుస్తాఖీ కాదు, జుర్మ్. దానికి ఫిర్యాదు, ఎఫ్‌ఐఆర్, కోర్టు ఉన్నాయి. దిల్ నొప్పించే మాట వేరు, జాన్ తీయమనే మాట వేరు. ఈ ఫరఖ్ మనం మరిచిపోతే, అవతలివాళ్ళు రెండింటినీ ఒకే గాటన కట్టి తప్పించుకుంటారు.

ఎహ్తెజాజ్ మన హక్. నల్ల బ్యాడ్జీ పెట్టుకోండి, హాలు బయట ప్లకార్డు పట్టుకోండి, అఖబార్‌కు రాయండి, పోకుండా ఉండండి. ఆయతులను ఎగతాళి చేసేవాళ్ళు మాట మార్చేదాకా వాళ్ళతో కూర్చోవద్దని సూరె నిసా చెప్పింది. లేచి వచ్చేయమంది, కుర్చీ విసరమనలేదు. పిల్లలకు ఇల్ముద్దీన్ పేరు చెప్పే ఇళ్ళల్లో, లండన్ ఓడ ఎక్కిన సర్ సయ్యద్ కథ కూడా చెప్పాలి. ఇద్దరిదీ మొహబ్బతే అంటారు. ఖౌమ్‌కు కాలేజీ కట్టి ఇచ్చింది మాత్రం కలం పట్టినవాడే.