ఉక్కు ఊరి జట్టు: కాషిమా ఆంట్లర్స్ పుట్టుపూర్వోత్తరాలు

మీరు చేరడం 99.9999 శాతం కుదరదు. జపాన్‌లో వృత్తి ఫుట్‌బాల్ లీగ్‌ను నిలబెట్టిన సబురో కవాబుచి కాషిమా వాళ్ళకు చెప్పిన లెక్క ఇది. అప్పట్లో కాషిమా యాభై వేల జనాభా కూడా లేని చిన్న పట్టణం. టోక్యోకు తూర్పున, ఇబరాకి ప్రిఫెక్చర్‌లో, పసిఫిక్ ఒడ్డున ఉంటుంది. అక్కడి జట్టు సుమితొమో మెటల్ అనే ఉక్కు కంపెనీది. పెద్ద నగరాల జట్లు కొత్త లీగ్ కోసం పోటీ పడుతుంటే ఇది రెండో డివిజన్‌లో ఆడుతోంది. మిగిలిన ఆ పిసరంత అవకాశానికి కవాబుచి ఒక షరతు పెట్టాడు. 15,000 మంది కూర్చోగలిగేలా, పైకప్పుతో, ఫుట్‌బాల్ కోసమే ఒక స్టేడియం కడితే అప్పుడు చూద్దాం అన్నాడు. అంతటితో వాళ్ళు ఆశ వదులుకుంటారని ఆయన అనుకున్నాడు. వాళ్ళు కడతామన్నారు. ప్రిఫెక్చర్ ప్రభుత్వం, పట్టణం, కంపెనీ ఒక్కమాట మీద నిలబడ్డాయి. లీగ్ మొదలైన 1993లోనే ఆ స్టేడియం తలుపులు తెరుచుకున్నాయి. జపాన్‌లో ఫుట్‌బాల్ కోసమే పైకప్పుతో కట్టిన మొదటి స్టేడియం అది.

ఆంట్లర్స్ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా బ్రెజిల్ నుంచి వచ్చిన జీకోతో మొదలుపెడతారు. జీకో లేకపోతే ఈ క్లబ్ ఇంతటిదయ్యేది కాదన్నది నిజమే. కానీ ఆ స్టేడియం కడతామని ఊరు మాట ఇవ్వకపోతే జీకో వచ్చినా ఆడడానికి లీగ్‌లో చోటే ఉండేది కాదు. అందుకే ఈ క్లబ్ గురించి చెప్పేటప్పుడు ముందు ఆ ఊరి గురించి చెప్పాలని నా పట్టుదల.

జట్టు పుట్టింది మాత్రం కాషిమాలో కాదు. 1947లో ఒసాకాలో సుమితొమో ఉద్యోగుల జట్టుగా మొదలైంది. కాషిమా తీరం అప్పటికి ఇసుక తిన్నెలూ, చేపలు పట్టేవాళ్ళూ, పొలాలూ ఉన్న ప్రాంతం. 1960లలో ఆ ఇసుకను తవ్వి నౌకాశ్రయం కట్టారు. దాని వెంట ఉక్కు కర్మాగారం, రసాయన పరిశ్రమలు వచ్చాయి. పనివాళ్ళ వెనకే 1975లో ఫుట్‌బాల్ జట్టూ ఒసాకా నుంచి ఇక్కడికి చేరింది. ఊరికి ఉద్యోగాలు వచ్చాయి కానీ కుర్రకారుకు సాయంత్రమైతే వెళ్ళడానికి చోటు లేదు. పిల్లలు ఊరు విడిచి పోకుండా ఉండాలంటే ఇక్కడ ఉండాలనిపించేది ఏదో ఒకటి కావాలి. కంపెనీ పెద్దలూ ఊరి పెద్దలూ వృత్తి ఫుట్‌బాల్ కోసం అంతగా పట్టుబట్టడానికి అసలు కారణం ఇదే. పేరు ప్రతిష్ఠల యావ కంటే ఈ అవసరం చాలా బలమైనది.

పేరును ఊరి గుడి నుంచి తీసుకున్నారు. కాషిమా జింగూ జపాన్‌లోని ప్రాచీన దేవాలయాల్లో ఒకటి. అక్కడి దేవుడు తకెమికజుచి ఉరుములకూ యుద్ధవిద్యకూ అధిపతి. జింకలు ఆయన దూతలని నమ్మకం. నారాలోని కసుగా ఆలయపు జింకలు కూడా ఇక్కడి నుంచి వెళ్ళినవేనని ఐతిహ్యం. ఆ జింక కొమ్ములే ఆంట్లర్స్ అయ్యాయి. ఇప్పటికీ సీజన్ ఆరంభంలో జట్టు మొత్తం ఆ గుడికి వెళ్ళి గెలుపు కోసం మొక్కుకుంటుంది.

ఇక జీకో. 1981లో టోక్యోలో లివర్‌పూల్‌ను 3-0తో ఓడించిన ఫ్లమెంగో జట్టుకు ప్రాణం ఆయనే. 1982 ప్రపంచ కప్‌లో ఆడిన బ్రెజిల్ జట్టును తలచుకుంటే మొదట గుర్తొచ్చేవాళ్ళలో ఒకడు. ఆట మానేసి స్వదేశంలో క్రీడల శాఖ బాధ్యతలు కూడా చూశాడు. అలాంటివాడు 1991లో, 38 ఏళ్ళ వయసులో, జపాన్ రెండో డివిజన్‌లోని కంపెనీ జట్టుకు ఆడడానికి వచ్చాడు. ఆ సీజన్‌లో 21 గోల్స్ కొట్టి డివిజన్‌లో అగ్రస్థానంలో నిలిచాడు. అయితే కాషిమాకు ఆయన ఇచ్చిన వాటిలో గోల్స్ చాలా చిన్నవని నా అభిప్రాయం.

జట్టు సభ్యుల్లో చాలామంది అప్పటికి ఉద్యోగం చేసుకుంటూ ఆడేవాళ్ళు. ఓడిపోతే బాధపడేవారు కానీ మర్నాడు ఆఫీసు ఉంది కదా అన్న ఊరట వెంటే ఉండేది. జీకో ఆ ఊరటను భరించలేకపోయాడు. మైదానంలో గడ్డి ఎలా ఉండాలి, బూట్లు ఎలా చూసుకోవాలి, సాధనకు ఎప్పుడు రావాలి, ఏం తినాలి, ఓటమిని ఎంత సీరియస్‌గా తీసుకోవాలి, అన్నిటికీ కొలత ఆయనే పెట్టాడు. లీగ్ ఆరంభానికి ముందు ఇటలీలో శిక్షణకు వెళ్ళినప్పుడు క్రొయేషియా జాతీయ జట్టు చేతిలో 1-8తో చిత్తయ్యారు. ఆ దెబ్బ కూడా పాఠమే అయింది. అంకితభావం, నిజాయితీ, గౌరవం అని జీకో చెప్పిన మూడు మాటలు నేటికీ క్లబ్‌కు సూత్రాలు. గోడల మీద ఇలాంటి మాటలు రాసుకున్న సంస్థలు లోకంలో బోలెడు. కాషిమాలో మాత్రం కొత్తగా వచ్చిన కుర్రాడు వాటిని చూసి తన నడవడి మార్చుకోవాల్సిందే. లేకపోతే సీనియర్ ఆటగాళ్ళే ఊరుకోరు.

1993 మే 16. తొలి మ్యాచ్‌లో కాషిమా ఎదుట ఇంగ్లండ్ తార గ్యారీ లినెకర్ ఉన్న నగోయా గ్రాంపస్ నిలబడింది. నలభై ఏళ్ళ జీకో మూడు గోల్స్, సహచరుడు ఆల్సిందో రెండు. 5-0. లీగ్‌లోకి రానివ్వడమే దండగ అనిపించుకున్న జట్టు, రెండు దశలుగా సాగిన ఆ ఏడాది లీగ్‌లో మొదటి దశ విజేత అయింది. ఏడాది ఛాంపియన్‌షిప్ ఫైనల్లో మాత్రం వెర్డీ కవాసాకి చేతిలో ఓడింది. ఆ పోరులోనే వెర్డీకి ఇచ్చిన పెనాల్టీ మీద కోపంతో జీకో బంతి దగ్గర ఉమ్మేసి మైదానం నుంచి బయటికి పోవాల్సి వచ్చింది. గౌరవం గురించి చెప్పిన మనిషి అలా చేయడం తప్పే. ఆయన అభిమానులు కూడా దాన్ని కప్పిపుచ్చనక్కర్లేదు. 1994లో ఆటకు వీడ్కోలు చెప్పినా జీకో క్లబ్‌ను వదల్లేదు. ఏళ్ళ తరబడి సాంకేతిక దర్శకుడిగా ఉన్నాడు. జపాన్ జాతీయ జట్టుకు కోచ్ అయ్యాడు. మన దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్ళకు 2014 నుంచి 2016 వరకు ఎఫ్‌సీ గోవాకు శిక్షణ ఇచ్చిన జీకో గుర్తుండే ఉంటాడు. ఆయనే ఈయన. 2018లో మళ్ళీ కాషిమాకు తిరిగొచ్చాడు.

జీకో తరవాత బ్రెజిల్ దారి తెగలేదు. ప్రపంచ కప్ గెలిచిన లియొనార్దో, జొర్జిన్యో వచ్చి ఆడారు. కోచ్‌లు కూడా చాలా కాలం అక్కడి నుంచే వచ్చారు. 1996లో మొదటి లీగ్ టైటిల్ దక్కింది. ఆ ఏడాది లీగ్ ఉత్తమ ఆటగాడు జొర్జిన్యో. ఆ ఏడాదితో మొదలైన ఏడేళ్ళ కాలం జపాన్ ఫుట్‌బాల్‌లో రెండు చిన్న ఊళ్ళ మధ్య పోటీ. 1996 నుంచి 2002 వరకు ప్రతి లీగ్ టైటిల్ కాషిమాకో జుబిలో ఇవాటాకో వెళ్ళింది, మరో క్లబ్‌కు చోటే దొరకలేదు. 2000లో తొనిన్యో సెరెజో శిక్షణలో కాషిమా లీగ్, లీగ్ కప్, ఎంపరర్స్ కప్ మూడూ ఒకే సీజన్‌లో గెలిచింది. 1993లో వృత్తి లీగ్ మొదలయ్యాక అంతకుముందు ఎవరూ చేయని పని అది. 2001 ఫైనల్లో ఇవాటా మీద అదనపు సమయంలో మిత్సువో ఒగసవారా ఫ్రీకిక్‌తో కొట్టిన గోల్ టైటిల్‌ను తేల్చేసింది.

ఒగసవారా, మొతొయామా, నకతా కోజి, గోల్‌కీపర్ సొగహతా: 1979లో పుట్టిన ఈ నలుగురు కుర్రాళ్ళు ఒకే ఏడాది క్లబ్‌లో చేరి దాదాపు రెండు దశాబ్దాల చరిత్ర రాశారు. 2007లో సీజన్ మొదలయ్యాక అయిదు మ్యాచ్‌ల దాకా ఒక్క గెలుపూ లేదు. అయిదు మ్యాచ్‌లు మిగిలి ఉండగా ఉరావా రెడ్స్ పది పాయింట్లు ముందుంది. కాషిమా చివరి రోజు మ్యాచ్‌తో కలిపి వరసగా తొమ్మిది గెలిచింది. ఆ రోజు ఉరావా అట్టడుగున ఉన్న యోకొహామా ఎఫ్‌సీ చేతిలో ఓడింది. టైటిల్ కాషిమాది. ఒస్వాల్దో దె ఒలివెయిరా శిక్షణలో 2008, 2009 కూడా వాళ్ళవే. 1993లో మొదలైన ఈ వృత్తి లీగ్‌లో వరసగా మూడు టైటిల్స్ గెలిచిన క్లబ్ ఇప్పటికీ ఇదొక్కటే.

2011 మార్చి 11 నాటి భూకంపం ఇబరాకి తీరాన్నీ వదల్లేదు. స్టేడియం దెబ్బతింది. ఆసియా పోటీల సొంత మ్యాచ్‌లు టోక్యోలో ఆడాల్సి వచ్చింది. కెప్టెన్ ఒగసవారా సునామీ ఊడ్చేసిన ఇవాతే ప్రాంతం వాడు, ఒఫునాతోలో చదువుకున్నాడు. ఆయన ఈశాన్య జపాన్ ఆటగాళ్ళను కూడగట్టి, సాయం మోసుకుంటూ ఆ ఊళ్ళకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాడు, పిల్లలకు ఆడుకునే మైదానం ఏర్పడేలా పూనుకున్నాడు. ఆ ఏడాది శరదృతువులో కాషిమా లీగ్ కప్ గెలిచింది. కప్పుల లెక్కలో అది ఒకటే. ఆ ఊరికి మాత్రం అంతకంటే పెద్దది.

బయటి ప్రపంచానికి కాషిమా తెలిసింది 2016లో. ఆ ఏడాది లీగ్ మొత్తం పాయింట్లలో ఉరావాకు 74, కాషిమాకు 59. కానీ మొదటి దశ గెలిచినందుకు ఛాంపియన్‌షిప్ పోరులో చోటు దక్కింది. సొంత ఊళ్ళో 0-1తో ఓడి, ఉరావాలో 2-1తో గెలిచి, బయటి గోల్స్ లెక్కన టైటిల్ పట్టుకుపోయారు. ఈ పద్ధతి న్యాయమా అని ఉరావా అభిమానులు అడిగితే వాళ్ళ వైపు బలం ఉందనే అంటాను. నిబంధన అందరికీ ముందే తెలుసు, దాన్ని వాడుకోగలిగింది కాషిమా. ఆ టైటిల్‌తో ఆతిథ్య దేశపు ప్రతినిధిగా క్లబ్ ప్రపంచ కప్‌లో అడుగుపెట్టారు. ఆక్లండ్ సిటీ, దక్షిణాఫ్రికా మామెలోడి సన్‌డౌన్స్, దక్షిణ అమెరికా విజేత అట్లెటికో నాసియొనాల్ వరసగా ఓడాయి. ఫైనల్ చేరిన మొదటి ఆసియా క్లబ్ కాషిమాయే.

డిసెంబరు 18న యోకొహామాలో ఎదురుగా రియల్ మాడ్రిడ్. తొమ్మిదో నిమిషంలోనే బెంజెమా గోల్. అక్కడితో అయిపోయిందనుకున్నారు అందరూ. గకు షిబసాకి విరామానికి ముందొకటి, తరవాత ఇంకొకటి కొట్టాడు. 2-1. ఉద్యోగుల జట్టుగా పుట్టిన క్లబ్ ఐరోపా ఛాంపియన్ల మీద ఆధిక్యంలో ఉంది. పెనాల్టీతో రొనాల్డో సమం చేశాడు. తొంభయ్యో నిమిషంలో సెర్జియో రామోస్‌కు రెండో పసుపు కార్డు ఇవ్వబోయినట్టు కనిపించిన రిఫరీ ఆగిపోయాడు. అదనపు సమయంలో రొనాల్డో మరో రెండు. 4-2. ఆ రాత్రి కోచ్ మసతదా ఇషీ, క్లబ్ తొలినాళ్ళలో జీకో పక్కన ఆడినవాడే. చక్కగా ఆడి ఓడారు అన్న మెచ్చుకోలు కాషిమా వాళ్ళకు నచ్చదు, గెలవలేకపోయామన్నదే వాళ్ళ బాధ. ఆ బాధ నిజమైనదని నమ్ముతాను. సరిగ్గా రెండు వారాలకు, జనవరి 1న ఎంపరర్స్ కప్ గెలిచారు.

అంతవరకు అందని ఆసియా ఛాంపియన్స్ లీగ్ 2018లో దక్కింది. ఇరాన్ క్లబ్ పెర్సెపొలిస్‌ను సొంత మైదానంలో 2-0తో ఓడించి, టెహ్రాన్‌లో కిక్కిరిసిన ఆజాదీ స్టేడియంలో 0-0తో నిలబడ్డారు. మరుసటి ఏడాది ఉక్కు కంపెనీ తన మెజారిటీ వాటాను పాత వస్తువులు అమ్ముకునే యాప్ నడిపే మెర్కారి సంస్థకు అమ్మింది. దాదాపు డెబ్బై రెండేళ్ళ బంధం అది. ఆ తరవాత కోచ్‌లు మారారు, బ్రెజిల్ దారి విడిచి ఐరోపా వాళ్ళను ప్రయత్నించారు, కప్పు రాలేదు. చివరికి 1993లో కుర్రాడిగా ఇదే క్లబ్‌లో చేరిన తోరు ఓనికిని పిలిచారు. కవాసాకి ఫ్రొంటాలెకు నాలుగు లీగ్ టైటిల్స్ గెలిచిపెట్టిన కోచ్ ఆయన. 2025 డిసెంబరు 6న సొంత మైదానంలో యోకొహామా ఎఫ్ మారినోస్‌ను 2-1తో ఓడించి, తొమ్మిదేళ్ళ తరవాత లీగ్ మళ్ళీ గెలిచారు. రెండు గోల్సూ లియో సియారావి.

ఇప్పటికి లీగ్ టైటిల్స్ తొమ్మిది, లీగ్ కప్పులు ఆరు, ఎంపరర్స్ కప్పులు అయిదు, ఆసియా కిరీటం ఒకటి. మొత్తం 21, జపాన్‌లో ఇంకే క్లబ్‌కూ ఇన్ని లేవు. తొలి పది క్లబ్బుల్లో ఇప్పటికీ ఉన్నవాటిలో ఒక్కసారి కూడా కింది డివిజన్‌కు జారనివి రెండే, కాషిమా, మారినోస్. ఈ రెండో లెక్కే నాకు గొప్పగా అనిపిస్తుంది. డబ్బున్న ఏడాది ఎవరైనా గెలవగలరు. ముప్పై ఏళ్ళకు పైగా కింద పడకుండా నిలవాలంటే రోజువారీ క్రమశిక్షణ కావాలి, ఓడినా వెంట ఉండే ఊరు కావాలి.

జపాన్‌లో ఉంటున్న తెలుగువాళ్ళకు ఒక మాట. టోక్యో స్టేషన్ దగ్గర కాషిమా వైపు వెళ్ళే బస్సు ఎక్కితే రెండు గంటల ప్రయాణం. స్టేడియం పక్కనే ఉన్న రైల్వే స్టేషన్‌లో రైళ్ళు ఆగేది మ్యాచ్ ఉన్న రోజుల్లోనే, కాబట్టి ముందుగా చూసుకోండి. పొద్దున్నే బయల్దేరి కాషిమా జింగూ అడవిలో కాసేపు నడిచి, జింకలను చూసి, స్టేడియం బయట జీకో విగ్రహం దగ్గర ఆగి, లోపలికి వెళ్ళండి. 2002 ప్రపంచ కప్ కోసం దాన్ని 40,000 మందికి పెంచారు, టికెట్ దొరకడం మరీ కష్టం కాదు. ఎర్ర చొక్కాల అభిమానులున్న గోలు వెనక వైపు కూర్చోండి.