పుస్తక భాండాగారములు - యావజ్జీవవిద్య



గురుకులమును వీడు శిష్యునకు ఆచార్యుడు చెప్పు హితవులలో స్వాధ్యాయమున ఏమఱుపాటు వలదనుట యొకటి. తైత్తిరీయోపనిషత్తునందలి యీ బోధ చదువు ముగించినవానికే చెప్పబడినదని గమనింపదగును. పాఠశాల విద్యకు ద్వారము మాత్రమే. ద్వారము దాటినవానికి గృహమేది? మన పాలమూరు, నల్లగొండ సీమల పెద్దలు ఈ ప్రశ్నకు నూఱేండ్లకు పూర్వమే నగరమున సమాధానము కల్పించిరి.

ఆనాడు హైదరాబాదు రాజ్యమున ప్రభుత్వభాష ఉర్దూ. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమునను బోధనము ఉర్దూలోనే జరిగెను. తెలుగున జ్ఞానము గడింపగోరువారికి ఆశ్రయము కఱవు. ఇట్టి కాలమున 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము స్థాపింపబడెను. మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును, విద్వాంసులు కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావుగారును అందులకు మూలస్తంభములు. రంగారావుగారు నల్లగొండ సీమవారు. మునగాల నేడు సూర్యాపేట జిల్లాలోనిది. వేఱువేఱు కులముల పెద్దలు ఒక్కయింట కూడి ఎల్లరకును తలుపు తీసిరి.

పిదప పాలమూరు వంతు వచ్చెను. వనపర్తి సంస్థానమున జన్మించి నగర కొత్వాలైన రాజబహదూరు వెంకటరామారెడ్డిగారి పూనికచే 1918లో రెడ్డి హాస్టలు ఏర్పడెను. పాలమూరు సీమవారగు సురవరము ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలు సేవయందు వర్ధిల్లి, 1926లో గోలకొండ పత్రికను నెలకొల్పిరి. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరను నిందకు 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచికను వెలువరించి బదులు చెప్పిరి.

ఒక కులమువారి విద్యార్థులకై కట్టిన ఆ ఆవరణమునందే 1943 మే 26వ తేదీన ఆంధ్ర సారస్వత పరిషత్తు పుట్టెను. ఆ పరిషత్తు ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు నడపెను. వానివలన బడి విడిచి యేండ్లు గడచినవారును ఇంటికడనే చదివి పట్టము పొందగలిగిరి. 1953 జనవరిలో ఆలంపురమున పరిషత్తు సభలు జరిగెను. కాళోజీ 'నా గొడవ'ను శ్రీశ్రీ ఆవిష్కరించినది అచ్చటనే. నగరమున మొలచిన విద్య తుంగభద్రాతీరమున ఫలించెను.

2022లో ఓరుగల్లు యునెస్కో వారి విద్యానగరముల కూటమిలో చేరినది. సంతోషము. ఆ జంటనగరమగు హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోనే వెలసినది. నాటిన చెట్టుకే నేడు పేరు వచ్చినది.

మన సంగతి యేమి? పిల్లలకు ఉపకార వేతనము లిచ్చుచున్నాము, కల్యాణమండపములు కట్టుచున్నాము. మంచిదే. కాని ఉద్యోగము విరమించిన వృద్ధుడు, పిల్లలు దూరదేశమేగిన తల్లి, పదవ తరగతితో చదువు మానిన యువకుడు సాయంకాలము ఎక్కడ కూర్చుందురు? ముప్పదేండ్లకుపైగా పాఠము చెప్పిన నాకు, పరీక్ష ముగియగనే పుస్తకము నటకపై పెట్టిన శిష్యులే యెక్కువగా కనబడుచున్నారు. ఆ దోషమున నా పాలును కలదు. చదువుట నేర్పితిని, చదువుచుండుట నేర్పనైతిని.

కావున దాతలకు నా విన్నపము: మనము కట్టు ప్రతి భవనమున నొక గది పఠనమందిరము కావలెను. దానికొక దీపము, నాలుగు పత్రికలు, ఒక తాళపుచెవి గల కార్యదర్శి చాలును. వచ్చువాని కులము అడుగరాదు. ఒక్క కులపు ఆవరణమే ఎల్ల ఆంధ్రుల పరిషత్తునకు పుట్టినిల్లు కాగలిగినది గదా!

స్వస్తి.