దొర్లే బంతితో సిక్స్ ఎందుకు కొట్టలేం?

ఎపిసోడ్‌లో అండర్‌ఆర్మ్ బంతి కథ విన్నారు కదా. అందులో ఉన్న ఫిజిక్స్ ఇక్కడ రాస్తున్నాను.

1981 ఫిబ్రవరి 1, మెల్‌బోర్న్. ఆఖరి బంతికి సిక్స్ పడితే న్యూజిలాండ్‌కి మ్యాచ్ టై. ఆస్ట్రేలియా కెప్టెన్ గ్రెగ్ ఛాపెల్ తన తమ్ముడు ట్రెవర్‌ని బంతి నేలమీద దొర్లించమన్నాడు.

బంతి గాల్లోకి లేవాలంటే దెబ్బ దాని నడిమి భాగానికి కింద తగలాలి. పిచ్ మీద పడి లేచిన బంతి కిందకి బ్యాట్ సులువుగా వెళ్తుంది. దొర్లే బంతి నడిమి భాగం నేలకి మూడున్నర సెంటీమీటర్ల ఎత్తులోనే ఉంటుంది. అంత తక్కువ సందులో బ్యాట్ ఎక్కడ దూరుతుంది? ఎంత బలంగా కొట్టినా బంతి నేలబారుగానే పోతుంది.

బ్యాటింగ్‌లో ఉన్నది బ్రయన్ మెకెక్నీ. 1978లో కార్డిఫ్‌లో ఆఖర్లో పెనాల్టీ కొట్టి, ఆల్ బ్లాక్స్‌ని వేల్స్ మీద 13-12తో గెలిపించింది ఆయనే. బంతిని ఎలా లేపాలో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా బంతిని ఆపేసి, కోపంతో బ్యాట్ విసిరేశారు.

న్యూజిలాండ్ ప్రధాని ముల్డూన్ దాన్ని పిరికితనం అన్నారు. నాకూ అదే అనిపిస్తుంది. కానీ అప్పటి నిబంధనల ప్రకారం అది తప్పు కాదు. అందుకే చివరికి నిబంధనే మార్చాల్సి వచ్చింది.